గురక, పరగడుపు షుగర్, బరువు: ఫోన్-ఇన్ కార్యక్రమం పూర్తి పాఠం

యాంకర్: శ్రోతలకు నమస్కారం. ఈ రోజు ఫోన్-ఇన్‌లో స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు గురించి. దానికీ షుగర్‌కీ బరువుకీ ఉన్న సంబంధం గురించి ముఖ్యంగా. స్టూడియోలో ఛాతీ వైద్యులు, నిద్ర జబ్బులు చూసే డాక్టర్ గారు ఉన్నారు. డాక్టర్ గారూ, కాల్స్ అప్పుడే క్యూలో ఉన్నాయండీ. క్లుప్తంగా చెప్పి మొదలుపెడదామా?

డాక్టర్: నమస్కారం. నిద్రపోగానే గొంతు కండరాలు వదులవుతాయి. కొందరికి నాలుక వెనక గాలి దారి మూసుకుపోతుంది. 10 సెకన్లు, అంతకంటే ఎక్కువ గాలి ఆగితే ఆప్నియా అంటాం. ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడుతుంది, మనిషి గుర్రుమని ఊపిరి లాక్కుని మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. పొద్దున అడిగితే హాయిగా పడుకున్నానంటాడు. ఊపిరి పూర్తిగా ఆగినవీ, పాక్షికంగా తగ్గినవీ కలిపి గంటకు 5 నుంచి 15 ఉంటే స్వల్పం, 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. దీన్నే రిపోర్టులో ఏహెచ్ఐ అని రాస్తారు. ఇలా ఉలిక్కిపడిన ప్రతిసారీ ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్నుతుంది. ఏదో ప్రమాదం వచ్చిందనుకుని కాలేయం గ్లూకోజు వదులుతుంది. మనిషేమో మంచం మీదే ఉన్నాడు. ఖర్చు కాని ఆ గ్లూకోజు రక్తంలోనే నిలుస్తుంది. కాబట్టి ముందే ఒక మాట. గురక ఉండి, పరగడుపు షుగర్ ఎంతకీ దిగకపోతే, ఇంకో మాత్ర కలిపే ముందు రాత్రి ఊపిరి ఎలా ఉందో పరీక్ష చేయించాలి.

యాంకర్: మొదటి కాల్ కరీంనగర్ నుంచి. చెప్పండి సార్.

కాలర్ (కరీంనగర్): నమస్తే సార్. నాకు గురక మస్తుగ వస్తదని ఇంట్ల అంటున్నరు. గీ జబ్బు లావున్నోళ్లకే వస్తదంటరు గద. నేను లావు లేను సార్, 68 కిలోలే.

డాక్టర్: ఎత్తెంత?

కాలర్: ఐదడుగుల ఐదంగుళాలు.

డాక్టర్: అయితే మీ బీఎంఐ దాదాపు 25. మనవాళ్లకి 23 దాటితే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం కిందే లెక్క. పైగా దవడ చిన్నగా, వెనక్కి ఉన్నవాళ్లకి సన్నగా ఉన్నా ఈ జబ్బు రావచ్చు. టేపు తీసుకుని మెడ కొలవండి. 40 సెంటీమీటర్లు దాటితే అనుమానించాలి. నడుము 90 దాటకూడదు.

కాలర్: గురక ఉంటే జబ్బు ఉన్నట్టేనా సార్?

డాక్టర్: కాదు. ఎడతెగకుండా ఒకే తీరున వచ్చే గురక వేరు. మధ్యలో చప్పుడు ఆగిపోయి, కాసేపటికి ఉక్కిరిబిక్కిరై పెద్ద శబ్దంతో మళ్లీ మొదలయ్యేది వేరు. తెల్లవారుజామున నాలుగింటి ప్రాంతంలో ఇంట్లోవాళ్లని ఐదు నిమిషాలు ఫోన్లో వీడియో తీయమనండి. ముఖం ఒక్కటే కాదు, ఛాతీ, పొట్ట కూడా పడాలి. ఛాతీ, పొట్ట కదులుతున్నా ముక్కు దగ్గర చప్పుడు లేకపోతే దారి మూసుకుందన్నమాట. ఆ వీడియో డాక్టరుకి చూపించండి. షుగర్, బీపీ ఉన్నాయా?

కాలర్: బీపీ ఉంది సార్. గోలీ ఏస్కుంట.

డాక్టర్: అయితే ఆలస్యం చేయకండి. స్లీప్ టెస్ట్ చేయించుకోండి.

యాంకర్: థాంక్యూ సార్. తర్వాత తెనాలి నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (తెనాలి): హలో... డాక్టర్ గారూ నమస్కారమండీ. మా వారి గురించండీ. ఆయనకి 54, బరువు 92. షుగరొచ్చి తొమ్మిదేళ్లయింది. రెండు రకాల మాత్రలు వేసుకుంటారు, మొన్న మూడోది కూడా రాశారు. అన్నం తగ్గించానండీ, రాత్రి జొన్నరొట్టె పెడుతున్నాను, మునగాకు పొడి, మెంతులు, ఎవరేది చెబితే అది చేస్తున్నాను. అయినా పొద్దున్నే చూస్తే 168, 172. ఇంకా విచిత్రం ఏంటంటే రాత్రి పడుకోబోయే ముందు 130 ఉంటుందండీ. మరి ఏమీ తినకుండానే ఎలా పెరుగుతుంది? నేనైతే ఈయన అర్ధరాత్రి లేచి ఏమన్నా తింటున్నారేమోనని స్వీటు డబ్బాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశానండీ.

డాక్టర్: ఆయన్ని అనుమానించకండమ్మా. ఆయన తినలేదు. కాలేయం పెట్టింది. గురక ఉందా?

కాలర్: అయ్యో, పక్కగదిలోకి కూడా వినిపిస్తుందండీ. రాత్రి నాలుగుసార్లు పాస్‌కి లేస్తారు. షుగర్ కదా, అందుకే అనుకున్నాం. అయితే మొన్న టెస్ట్ చేయించామండీ. నిద్ర టెస్టు. రిపోర్టు ఇక్కడే ఉంది, చదవమంటారా?

డాక్టర్: చదవండి. ఏహెచ్ఐ అని ఉంటుంది, దాని ఎదురుగా అంకె చెప్పండి.

కాలర్: ఏహెచ్ఐ... 42.

డాక్టర్: తీవ్రమైనది. ఆక్సిజన్ అతి తక్కువ ఎంత అని ఉంది?

కాలర్: 71 అండీ. కింద ఇంకోటుంది, 90 కంటే తక్కువ ఉన్న సమయం 28 శాతం అని.

డాక్టర్: ఆ 28 శాతాన్ని చిన్నది అనుకోకండి. పడుకున్న వేళలో నాలుగో వంతుకి పైగా ఆయన రక్తంలో ఆక్సిజన్ 90 కింద ఉంది. పగలు మెలకువగా ఉన్నప్పుడు 95 పైన ఉండాల్సింది. ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను, 130 కాస్తా 168 ఎలా అయిందని అడిగారు కదా. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ ఎవరికైనా పెరుగుతాయి, షుగర్ ఉన్నవాళ్లకి పరగడుపు అంకె కొంచెం లేవడం మామూలే. ఈయనకి దాని మీద ఇంకో మూడు తోడయ్యాయి. ఒకటి ఇందాక చెప్పిన అడ్రినలిన్, కాలేయం చేత గ్లూకోజు కక్కిస్తుంది. రెండోది కొవ్వు. అదే అడ్రినలిన్ పొట్ట కొవ్వుని కరిగించి కొవ్వు ఆమ్లాలుగా రక్తంలోకి వదులుతుంది. కరిగితే మంచిదేగా అనుకుంటారు. కాదమ్మా. ఖర్చు కాని ఆ కొవ్వు వెళ్లి కాలేయంలో, కండరాల్లో చేరుతుంది. అక్కడ ఇన్సులిన్ మాట చెల్లదు. ఆయనకి ఫ్యాటీ లివర్ అని స్కానింగ్‌లో చెప్పారా?

కాలర్: చెప్పారండీ! గ్రేడ్ టూ. ట్రైగ్లిజరైడ్స్ కూడా 260 ఏదో ఉన్నాయి.

డాక్టర్: అన్నీ ఒక తీగకి కాసినవే. మూడోది ఆక్సిజన్ పడడం, మళ్లీ లేవడం. రాత్రంతా అలా జరిగితే ఒంట్లో వాపు రసాయనాలు పెరుగుతాయి, ఇన్సులిన్ పని ఇంకా మందగిస్తుంది. ఈ జబ్బుకి సీపాప్ అనే మిషన్ ఉంది, మాస్కు గుండా గాలి ఊదుతూ గొంతు దారిని తెరిచి ఉంచుతుంది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు, ఆ మిషన్ వాడుతున్నవాళ్లని కొన్ని రాత్రులు ఆపమని చెప్పి, నిద్రలోనే పదేపదే రక్తం తీసి చూశారు. 2017లో ప్రచురించారు. మిషన్ లేని రాత్రి కొవ్వు ఆమ్లాలు, గ్లూకోజు, కార్టిసాల్, మూడూ పెరిగాయి. అంటే ఈ మార్పుకి ఏళ్లు పట్టక్కర్లేదు, రెండు మూడు రాత్రులు చాలు.

కాలర్: మరి ఆ పాస్‌కి లేవడం?

డాక్టర్: షుగర్ వల్ల కొంత కావచ్చు, కానీ అదొక్కటే కాదు. షుగర్ 180 ప్రాంతం దాటితేనే మూత్రంలోకి పోవడం మొదలవుతుంది. రాత్రి 130 ఉన్న మనిషి నాలుగుసార్లు లేస్తున్నాడంటే వేరే కారణం వెతకాలి. మూసుకున్న గొంతులోంచి గాలి లాగుతుంటే ఛాతీ లోపల పీడనం బాగా పడిపోతుంది, నలిగిన స్ట్రాతో తాగినట్టు. గుండె పైగదులు సాగుతాయి. ఒంట్లో నీరెక్కువైందని గుండె పొరబడి ఒక హార్మోను వదులుతుంది. కిడ్నీలు నీటిని తోడేస్తాయి. యాభై దాటిన మగవాళ్లకి ప్రొస్టేట్ కూడా చూపించాలి, అది వేరే సంగతి. మిషన్ ఇచ్చారా?

కాలర్: ఇచ్చారండీ, నెలైంది. అయితే మిషన్ పెట్టుకుంటే షుగర్ మాత్రలు మానేయొచ్చంటారా? మా తోటికోడలు వాళ్ల అన్నయ్యగారికి...

డాక్టర్: మానకూడదు. మాత్ర సొంతంగా ఆపొద్దు. ముందు ఇది చెప్పండి, రాత్రికి ఎన్ని గంటలు పెట్టుకుంటున్నారు? మిషన్ తెర మీద సగటు గంటలు అని వస్తుంది.

కాలర్: రెండున్నర చూపిస్తోందండీ. ఒంటిగంటకి తీసేస్తారు. గాలి కళ్లల్లోకి కొడుతోందంటారు, నోరు ఎండిపోతోందంటారు.

డాక్టర్: ఇదే అసలు చిక్కు. వినండమ్మా, ఇది అందరూ వినాలి. కలలొచ్చే నిద్ర ఎక్కువగా తెల్లవారుజామునే ఉంటుంది. ఆ నిద్రలో కండరాలు పూర్తిగా సడలుతాయి, ఊపిరి ఎక్కువసార్లు, ఎక్కువసేపు ఆగేది అప్పుడే. ఒంటిగంటకి మాస్కు తీసేస్తే తేలిక భాగానికి కాపలా పెట్టి, కష్టమైన భాగాన్ని వదిలేసినట్టు. పరగడుపు షుగర్ ఎలా దిగుతుంది? షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో ప్రచురించిన పరిశోధనలో, షుగర్ అంచున ఉన్నవాళ్లని ల్యాబులోనే పడుకోబెట్టి రాత్రికి 8 గంటలు, రెండు వారాలు సీపాప్ పెట్టించారు. గ్లూకోజు తాగించి చూస్తే ఫలితం మెరుగుపడింది. ఇంటి దగ్గర మూడు గంటలు పెట్టుకున్నవాళ్ల మీద చేసిన పరిశోధనల్లో అంత తేడా రాలేదు. మందు మోతాదు సగం మింగితే సగమే పనిచేస్తుంది కదా, దీనికి గంటలే మోతాదు.

కాలర్: మరి కళ్లల్లోకి గాలి?

డాక్టర్: ఆయనకి మీసం ఉందా?

కాలర్: ఉందండీ, గుబురుగా.

డాక్టర్: మాస్కు అంచు మీసం మీద కూర్చుంటే గాలి తప్పించుకుంటుంది. లీకైన కొద్దీ మిషన్ ఇంకా గట్టిగా ఊదుతుంది, అది కళ్లల్లోకి కొడుతుంది. అప్పుడు అందరూ చేసే తప్పు పట్టీలు బిగించడం. బిగిస్తే మెత్తటి అంచు నలిగి లీకు ఇంకా పెరుగుతుంది, ముక్కు దూలం మీద పుండు పడుతుంది. ఇలా చేయండి. పడుకోబెట్టి, మిషన్ ఆన్ చేసి, గాలి వస్తుండగా మాస్కుని ముఖం మీంచి కొంచెం పైకి లాగి వదలండి, అంచు సర్దుకుంటుంది. తర్వాత పై పట్టీ, కింది పట్టీ సమంగా సరిచేయండి. పట్టీ కింద వేలు దూరాలి. కూర్చోబెట్టి సరిచేస్తే పనికిరాదు, పడుకుంటే చెంపల తీరు మారిపోతుంది. అప్పటికీ కుదరకపోతే ముక్కు రంధ్రాల దగ్గరే ఆనే చిన్న మాస్కు ఉంటుంది, నాజల్ పిల్లో అంటారు. మీసం ఉన్నవాళ్లకి అది నప్పుతుంది. మీసం తీసేయమని నేను చెప్పను.

కాలర్: చెప్పినా తీయరండీ. నోరెండిపోవడం?

డాక్టర్: నోరు తెరిచి పడుకుంటున్నారు, గాలి అటు పోతోంది. ముక్కు దిబ్బడ ఉంటే ముందు దానికి వైద్యం చేయించాలి. ముక్కు బాగుండి కూడా నోరు తెరుస్తుంటే ముక్కూ నోరూ కప్పే మాస్కు కావాలి. తడి గాలి కోసం నీళ్ల డబ్బా ఉంటుంది, దాంట్లో డిస్టిల్డ్ వాటరే పోయాలి. రోజూ పారబోసి కొత్తవి పోయాలి. ఆర్‌వో నీళ్లు డిస్టిల్డ్ కావు, కొన్నాళ్లకి అడుగున తెల్లగా పేరుకుంటుంది. మాస్కు మెత్తటి భాగాన్ని రోజూ పొద్దున కొంచెం సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. ముఖం జిడ్డు పట్టినా లీకే. ఇంకోటి, పగలు టీవీ చూస్తున్నప్పుడు అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోమనండి. మెలకువలో భరించలేనిది నిద్రలో భరించలేరు. మందు తాగుతారా?

కాలర్: ఎప్పుడన్నా శనివారం... స్నేహితులతో.

డాక్టర్: సాయంత్రం మందు తాగితే గొంతు కండరాలు ఇంకా వదులవుతాయి. ఆ రాత్రి 42 అనేది 42 దగ్గర ఆగదు. మానాలి.

కాలర్: చెబుతానండీ. అయితే ఆ మూడో మాత్ర ఒక్కటీ ఇప్పటికి ఆపేసి చూడమంటారా? మొత్తం కాదండీ, ఆ ఒక్కటే.

డాక్టర్: అమ్మా, ఇప్పుడే చెప్పాను. ఒక్కటి కూడా వద్దు. మాత్ర సొంతంగా ఆపొద్దు. రాత్రికి కనీసం ఆరు గంటలు మిషన్ వాడిస్తూ రోజూ పరగడుపు షుగర్ రాసిపెట్టండి, పక్కనే మిషన్ గంటలూ రాయండి. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష చేయించి ఆ కాగితం షుగర్ డాక్టరుకి చూపించండి. తగ్గించాలో లేదో ఆయన చెబుతారు. అందరికీ షుగర్ తగ్గుతుందని నేను మాటివ్వను. బీపీ మీద, పగటి నిద్ర మీద తేడా ముందు కనిపిస్తుంది. ఆయన మాత్రల్లో గ్లిమిపిరైడ్ ఉందా?

కాలర్: ఉందండీ, గ్లిమి అనే ఉంది.

డాక్టర్: అది షుగర్‌ని మరీ కిందికి దించేయగలదు. అందుకే చెమటలు, వణుకు, ఒక్కసారిగా ఆకలి వస్తే వెంటనే షుగర్ చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూడండి. అప్పుడు డాక్టరుకి ఫోన్ చేయండి. డబ్బాలకి తాళం కూడా తీసేయండమ్మా, అలాంటప్పుడు చేతికందాలి.

కాలర్: సరేనండీ, చాలా థాంక్సండీ...

యాంకర్: ధన్యవాదాలమ్మా. సూర్యాపేట నుంచి ఇంకో కాల్.

కాలర్ (సూర్యాపేట): సార్, లారీ నడుపుత. పగటి పూట గూడ కన్ను మూస్కపోతున్నది. చాయ్ మీద చాయ్ తాగుతున్న.

డాక్టర్: గురక ఉందా? స్టీరింగు ముందు కునుకు పట్టిందా ఎప్పుడైనా?

కాలర్: రెండు మూడు సార్లు సార్...

డాక్టర్: అయితే టెస్ట్ అయ్యేదాకా బండి ఎక్కొద్దు. చాయ్‌తో ఇది ఆగదు. ఉపాధి సంగతి నాకు తెలుసు, అయినా చెబుతున్నా. ఇంట్లోనే చేసుకునే టెస్టుంది. ముక్కు దగ్గర సన్నని గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు. ఒక్క రాత్రి చాలు. రేపే...

యాంకర్: లైన్ కట్ అయింది. కర్నూలు నుంచి, చెప్పండమ్మా.

కాలర్ (కర్నూలు): సార్, నాకు 52. నెలసరి ఆగిపోయి మూడేండ్లయింది. గురక పెద్దగా లేదు. నిద్దర మధ్యలో మెలకువ వస్తాది, పొద్దున లేస్తే తలనొప్పి. ఒళ్లు ఎనిమిది కిలోలు పెరిగింది. నిద్రమాత్ర వేసుకుంటున్నా, మెడికల్ షాపులో ఇచ్చినారు.

డాక్టర్: ఎవరూ రాయకుండానా? అది ప్రమాదమమ్మా. ఊపిరి ఆగినప్పుడు మెదడు లేపడమే మనకున్న రక్షణ. కొన్ని నిద్రమాత్రలు ఆ లేపడాన్ని ఆలస్యం చేస్తాయి, గొంతును ఇంకా వదులు చేస్తాయి. ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారో డాక్టరుకి చెప్పి, ఆయన చెప్పిన తీరున మెల్లగా తగ్గించండి, ఒక్కసారిగా ఆపితే ఇంకో ఇబ్బంది. ఆడవాళ్లకి ఈ జబ్బు పెద్ద గురకతోనే రావాలని లేదు. నిద్ర పట్టకపోవడం, పొద్దున తలనొప్పి, నీరసం, ఇలా వస్తుంది. నెలసరి ఆగాక అవకాశం బాగా పెరుగుతుంది. థైరాయిడ్ తక్కువున్నా బరువు పెరుగుతుంది, గొంతు దారి ఇరుకవుతుంది. ముందు థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్, పరగడుపు షుగర్, బీపీ చూపించుకుని, నిద్ర టెస్టు గురించి అడగండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. హైదరాబాద్ నుంచి...

కాలర్ (హైదరాబాద్): సర్, నాకు ఏహెచ్ఐ 34, వెయిట్ 104. సీపాప్ ఆర్నెల్ల నుంచి వాడుతున్నా, రోజూ ఏడు గంటలు. పగలు నిద్ర పోయింది, బాగుంది. కానీ వెయిట్ తగ్గలేదు సర్, పైగా కిలో పెరిగా. నిద్ర బాగుంటే మెటబాలిజం పెరిగి బరువు తగ్గుతుందని చదివా.

డాక్టర్: ఏడు గంటలంటే చాలా మంచి వాడకం. బరువు సంగతి చాలామంది అపోహ పడేదే. నిద్ర చెడితే ఆకలి పెంచే గ్రెలిన్ పెరుగుతుంది, చాలు అని చెప్పే లెప్టిన్ మాట మెదడు వినదు, నిజమే. కానీ రాత్రంతా ఊపిరి కోసం పెనుగులాడే మనిషి ఆ పెనుగులాటకీ శక్తి ఖర్చు పెడుతుంటాడు. మిషన్ పెట్టగానే ఆ ఖర్చు ఆగుతుంది. అందుకే సీపాప్ ఒక్కటే పెట్టుకుంటే సగటున అరకిలో దాకా పెరిగినట్టే పరిశోధనల్లో కనిపించింది. మిషన్ గాలి దారి తెరుస్తుంది, బరువు మీరు తగ్గించుకోవాలి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో చేసి 2000లో ప్రచురించిన పరిశోధన లెక్క ప్రకారం బరువు పదో వంతు పెరిగితే ఏహెచ్ఐ 32 శాతం పెరుగుతుంది, పదో వంతు తగ్గితే 26 శాతం తగ్గుతుంది. మీరు పది కిలోలు తగ్గితే 34 కాస్తా పాతిక దగ్గరికి రావచ్చు. ఇప్పుడు పగలు ఓపిక వచ్చింది కదా, దాన్ని నడకలో పెట్టండి. రాత్రి భోజనం ఎన్నింటికి?

కాలర్: పదిన్నర, పదకొండు సర్. షిఫ్ట్.

డాక్టర్: పడుకోవడానికి మూడు గంటల ముందే ముగించాలి.

కాలర్: బరువు తగ్గించే ఇంజెక్షన్ గురించి సర్? టిర్జెపటైడ్.

డాక్టర్: ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్న పెద్దవాళ్లకి వాడొచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2024 డిసెంబరులో అనుమతించింది. ఏడాది పాటు చేసిన పరీక్షల్లో ఊపిరి ఆగడాలు, తగ్గడాలు గంటకు సగటున 25 నుంచి 29 దాకా తగ్గాయి. వాళ్లకి మొదట్లో 50 ప్రాంతంలో ఉండేవి. మన దేశంలో 2025 మార్చి నుంచి దొరుకుతోంది. వారానికొకసారి. వికారం, వాంతులు, మలబద్ధకం రావచ్చు, పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే వాడకూడదు. కొవ్వుతో పాటు కండ కూడా తగ్గుతుంది కాబట్టి పప్పు, గుడ్డు, పెరుగు, బరువులెత్తే వ్యాయామం తప్పనిసరి. ఆపేస్తే బరువు తిరిగొస్తుంది. బరువు తగ్గింది కదా అని మిషన్ పక్కన పడేయొద్దు, మళ్లీ టెస్ట్ చేయించాకే.

యాంకర్: థాంక్యూ సర్. తర్వాతి కాల్... తెనాలి. అమ్మా, ఇందాక మీరే కదా?

కాలర్ (తెనాలి): అవునండీ, సారీ అండీ, ఒక్క నిమిషం. రాత్రి కరెంటు పోతే మిషన్ ఆగిపోతుంది కదా. ఊపిరాడదేమోనని ఆయన భయం.

డాక్టర్: మంచి ప్రశ్న. మాస్కుకి గాలి బయటికి పోయే సన్నటి రంధ్రాలుంటాయి, ముక్కూ నోరూ కప్పే మాస్కుకి అయితే ఆగగానే తెరుచుకునే వాల్వు కూడా ఉంటుంది. ఊపిరాడకుండా పోదు, కాకపోతే మాస్కు తీసేయాలి. ఇన్వర్టర్ ఉంటే దానికి కలపండి, ప్యూర్ సైన్ వేవ్ రకమైతే మంచిది. బ్యాటరీ మీద నడిచేటప్పుడు నీళ్ల డబ్బా వేడి ఆపేయండి, కరెంటు ఎక్కువ తాగేది అదే. మాస్కు లేని ఆ కాసేపు పక్కకి తిరిగి, తల కొంచెం ఎత్తుగా పెట్టి పడుకోమనండి. వెల్లకిలా వద్దు.

కాలర్: అలాగేనండీ. మరి మాత్ర...

డాక్టర్: ఆపొద్దమ్మా.

యాంకర్: చివరి కాల్, శ్రీకాకుళం. త్వరగా చెప్పండి బాబూ.

కాలర్ (శ్రీకాకుళం): మా పాపకి ఆరేళ్లండి. నోరు తెరిచి పడుకుంటది, గురక పెడతది. లావు లేదు. దానికీ మిషనేనా?

డాక్టర్: చిన్నపిల్లల్లో ఎక్కువగా టాన్సిల్స్, ముక్కు వెనక అడినాయిడ్స్ పెరగడం వల్ల వస్తుంది. ముందు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. అవసరమైతే అవి తీసేస్తారు, చాలామంది పిల్లలకి దాంతోనే సరిపోతుంది. పెద్దవాళ్ల లెక్కలు పిల్లలకి వర్తించవు, గంటకు ఒకటి దాటినా పట్టించుకోవాలి. పాప పగలు నిద్రపోకుండా, ఉల్టా మరీ చురుగ్గా, చిరాగ్గా ఉంటోందా? బడిలో ధ్యాస లేదంటున్నారా?

కాలర్: అవునండి, టీచరు అదే అన్నారు.

డాక్టర్: అయితే ఈ వారమే చూపించండి. ఎత్తూ బరువూ కూడా రాయించుకోండి, ఈ జబ్బున్న కొందరు పిల్లలు సరిగా ఎదగరు.

యాంకర్: సమయం అయిపోయింది. లైన్లో ఇంకా ఉన్నవాళ్లు క్షమించాలి. డాక్టర్ గారూ, ధన్యవాదాలు.

డాక్టర్: నమస్కారం.